రాయబారం పద్యాలు ఎవరివి?

పోయిన శివరాత్రి తీర్థానికి మా పక్క ఊళ్ళో రాయబారం సీను పెట్టారు. రాత్రి పన్నెండు దాటాక కృష్ణుడు స్టేజీ ఎక్కి, హార్మోనియం శ్రుతి అందుకుని, జెండా పద్యం ఎత్తుకున్నాడు. ఆఖరి పాదం మీద రాగం తీసి వదిలేసరికి పందిరంతా ‘వన్స్‌మోర్’ అని ఒకటే కేక. నా పక్కన చాప మీద కూర్చున్న పెద్దాయనకి నోట్లో నాలుగు పళ్ళు కూడా లేవు. అయినా కృష్ణుడికంటే అరక్షణం ముందే ప్రతి పాదం అందించేస్తున్నాడు. ఎవరో వెళ్ళి కృష్ణుడి చొక్కాకి ఐదు వందల నోటు పిన్నుతో గుచ్చారు. మైకులో దాతల పేర్లు చదివారు. షామియానా వేయించినవారి పేరు, సీరియల్ లైట్లు పెట్టించినవారి పేరు, జనరేటర్‌కి డీజిల్ పోయించినవారి పేరు, అన్నీ చదివారు. పద్యం రాసినవాళ్ళ పేరు తెల్లారేదాకా ఒక్కసారి కూడా వినపడలేదు.

ఉండబట్టలేక ముందు వరసలో ఉన్న ఒక కుర్రాణ్ణి అడిగాను, ఈ పద్యం ఎవరిది బాబూ అని. ‘ఘంటసాలదండీ’ అన్నాడు. పక్కవాడు ‘కాదెహే, ఎన్టీఆర్‌ది’ అని సరిదిద్దాడు.

ఘంటసాల గొంతంటే నాకు ప్రాణం. 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’లో రామారావు కృష్ణుడై నిలబడితే, టి.వి. రాజు సంగీతంలో ఘంటసాల పాడిన ఆ రాయబారం పద్యాలు విని ఒళ్ళు పులకరించని తెలుగువాడు ఉన్నాడా? ఆయన గొప్పతనం మీద నాకు తగాదా లేదు. నా బాధల్లా ఒక్కటే. ఆ గొంతులోకి ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయి? గాలిలోంచి రాలిపడ్డాయా?

ఇక్కడినుంచే వచ్చాయి. ఈ గోదావరి డెల్టా మట్టిలోంచే వచ్చాయి. ఒకాయన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, 1870లో కడియంలో పుట్టారు. ఇంకొకాయన దివాకర్ల తిరుపతిశాస్త్రి, 1872లో భీమవరం దగ్గర యండగండిలో పుట్టారు. మధ్యలో గోదావరి. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి దగ్గర కలిసి చదువుకుని, తిరుపతి వేంకట కవులు అన్న ఒక్క పేరుతో బతికారు. పాండవ జననం నుంచి పాండవాశ్వమేధం దాకా ఆరు నాటకాలు రాశారు. వాటిలో ఉద్యోగమూ విజయమూ కలిపి ‘పాండవోద్యోగ విజయాలు’గా ఊరూరా తిరిగాయి. ఈ రాయబారం సీను వాటిలోదే. రెక్కాడితే గానీ డొక్కాడని కూలీ కూడా శార్దూల వృత్తం నోటికి చెప్పగలిగే జాతి మరెక్కడైనా ఉందా? అలా చేసింది ఎవరు?

ఆ జెండా పద్యాన్నే చూడండి. శార్దూలం అంటే పండితుల సొత్తు, గంభీరమైన నడక. ‘జెండా’ అనేది బజారు మాట. ఆ బజారు మాటను తెచ్చి శార్దూలం నెత్తిమీద కూర్చోబెట్టారు! మొదటి అక్షరం పలకగానే స్టేజీ మీద జెండా లేచి నిలబడుతుంది. వెంటనే దానిమీద ఆంజనేయుడు, ముందు తెల్లగుర్రాలు, చేత దండంతో తోలుతూ కృష్ణుడు, వెనక గాండీవం ఎక్కుపెట్టి అర్జునుడు, ఒక్కొక్కటే కళ్ళముందుకొస్తాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, రాగం ఎక్కడ సాగదీయాలో ముందే తూచి కట్టినట్టుంటుంది పద్యం. ఇక దుర్యోధనుడు యుద్ధంలో సాయం అడగడానికి ద్వారకకి వచ్చినప్పుడు, నిద్రలేచిన కృష్ణుడు పలకరించే పద్యం ఉంది చూశారూ, అది మా ఇళ్ళలో వీధరుగు మీద వినపడే పలకరింపే. వచ్చినవాడు బద్ధశత్రువైనా సరే, ముందు ఎప్పుడొచ్చావని, పిల్లాజెల్లా కులాసానా అని అడిగి కాళ్ళకి నీళ్ళిచ్చే మర్యాద. ద్వారకలో గోదావరి జిల్లా వాకిలి కట్టేశారు మహానుభావులు.

గద్వాల నుంచి పిఠాపురం దాకా సంస్థానాలు తిరిగి శతావధానాలు చేసి గెలిచినవాళ్ళు. సంస్కృతంలోనూ తెలుగులోనూ మమ్మల్ని మించినవాడుంటే రమ్మని మీసం పెంచి సవాలు చేసినవాళ్ళు. బందరులో వేంకటశాస్త్రిగారి ముందు కూర్చుని పాఠం విన్నవాళ్ళెవరు? విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు. 1920లో తిరుపతిశాస్త్రి పోయారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు వేంకటశాస్త్రి తాను ఒంటరిగా రాసినదాన్ని కూడా ఇద్దరి పేరు మీదే అచ్చువేయించారు. పోయిన స్నేహితుడి పేరు తన చేత్తో చెరపలేకపోయాడు ఆయన. మనం ఇద్దరి పేర్లూ చెరిపేశాం!

అమెరికాలో ఎల్విస్ ప్రెస్లీ అనే రాక్ అండ్ రోల్ గాయకుడుండేవాడు. 1957లో అతను పాడి ఊపేసిన ‘జైల్‌హౌస్ రాక్’ రాసింది కూడా జంటే, జెర్రీ లీబర్, మైక్ స్టోలర్. రికార్డు మధ్యలో అతికించిన కాగితం మీద పాట పేరు కింద వాళ్ళ పేర్లున్నాయి. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అని వాళ్ళొక గౌరవ పీఠం పెట్టుకుని, 1987లో ఆ ఇద్దరినీ అందులోకి తీసుకున్నారు. కుర్రకారు గంతులేసే పాటకే అంత మర్యాద ఉంటే, నూరేళ్ళు దాటినా జనం నాలుక మీదనుంచి దిగని పద్యానికి మనమిచ్చిన మర్యాద ఏమిటి? ఫోనులో రాయబారం పద్యం అని కొట్టి చూడండి. ఎన్టీఆర్ పద్యం, ఘంటసాల పద్యం అనే పేర్లతోనే వీడియోలు వరసకడతాయి. కవుల పేరు కోసం భూతద్దం పట్టుకోవాలి.

అయ్యా, పదవుల్లో ఉన్న పెద్దలూ! 2027 పుష్కరాలకి ఘాట్లు కడతారు, రంగులు వేస్తారు, రాజమండ్రి అంతా దీపాలు పెడతారు. సంతోషం. ఆ పన్నెండు రోజులూ గట్టు మీద ఒక్క స్టేజీ ఈ ఇద్దరి పేరు మీద వేయించలేరా? బొమ్మూరులో సాహిత్యపీఠం ఉంది, నన్నయ పేరుతో విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరు బందా కనకలింగేశ్వరరావుగారు మొదలుకుని పీసపాటి నరసింహమూర్తిగారి దాకా ఈ పద్యాలు పాడిన గొంతులన్నిటినీ, పాత గ్రామఫోను రికార్డులు పగిలి ముక్కలయ్యేలోగా, కవుల పేరుతో ఒక్కచోట చేర్చమని అడగడం గొంతెమ్మ కోరికా? కడియం నర్సరీల మొక్కలు లారీలకెత్తి దేశమంతా పంపుతున్నాం కదా, కడియంలో పుట్టిన కవి ఎవరో కడియం పిల్లాడికి చెప్పే తీరిక బడికి లేకపోయిందా? సినిమావాళ్ళూ, వీడియోలు పెట్టేవాళ్ళూ! ఆ పద్యాలతో చప్పట్లూ డబ్బులూ సంపాదించుకున్నారు. పేరు రాయడానికి అక్షరాలకి కరువొచ్చిందా?

వేంకటశాస్త్రిగారు కన్నుమూసింది 1950లో, మహాశివరాత్రి నాడు. మద్రాసు ప్రభుత్వం ఆయన్ని ఆస్థానకవిని చేసిన మరుసటి ఏడే. అంటే మా పక్క ఊరి పందిట్లో ఆయన పద్యానికి వన్స్‌మోర్ కొట్టింది ఆయన పోయిన తిథి నాడే. ఆ పందిట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

తీర్థం కమిటీ పెద్దలకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. వచ్చే శివరాత్రికి తెర లేచేముందు ఆ రెండు పేర్లూ మైకులో చదవండి. డీజిల్ దాత పేరు చదివినంతసేపు చాలు.