చేపల లెక్క రాసే కలం ఎవరి చేతిలో ఉంది?

1980ల మొదట్లో అమెరికా వాయవ్య ప్రాంతంలోని కొలంబియా నదిలో 40,000 సాల్మన్ చేపలు ‘మాయమయ్యాయి’. కింద బానవిల్ డ్యాం దాటినట్టు లెక్కలో ఉన్న చేపలు పైనున్న మెక్‌నరీ డ్యాం దగ్గరికి చేరలేదు. దొంగలెవరన్న ప్రశ్నకు అధికారుల దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంది. ఆ రెండు డ్యాంల మధ్య నది ఒడ్డున వలలు వేసుకుని బతికేది మూలవాసులు కదా! మారువేషాల్లో ఏజెంట్లు వెళ్లి వారి దగ్గర చేపలు కొన్నారు. 1982లో వారి ఇళ్ల మీద దాడి చేశారు. యాకమా తెగకు చెందిన డేవిడ్ సొహాపీకీ, ఆయన కొడుకుకీ ఫెడరల్ కోర్టు చెరి ఐదేళ్ల జైలుశిక్ష వేసింది.

చేపలు దొంగతనానికి గురి కాలేదని తర్వాత తేలింది. అల్యూమినియం ఫ్యాక్టరీ కాలుష్యం వల్ల అవి దారి మళ్లి, కింది ఉపనదుల్లోకి వెళ్లిపోయాయి. 1987లో తెగ సొంత కోర్టు సొహాపీని నిర్దోషిగా ప్రకటించింది. 1988లో ఆయన జైలు నుంచి బయటికి వచ్చారు. 1991లో చనిపోయారు.

ఈ కథలో చట్టం ఉంది, నిబంధన ఉంది, గణాంకం కూడా ఉంది. లేనిది ఒక్కటే. ఆ గణాంకాన్ని ప్రశ్నించే స్థానం నిందితులకు లేదు. వనరుల నిర్వహణ గురించీ, విధానాల గురించీ చదివే విద్యార్థులు సాల్మన్ చేపల వేట నిబంధనలను ఈ కోణం నుంచి చూడాలని మా అభిప్రాయం.

ముందు ఆ నిబంధనలేమిటో చూద్దాం. గిల్ నెట్ అంటే నీళ్లలో తెరలా నిలబడే వల. చేప తల దూరుతుంది, ఒళ్లు దూరదు, వెనక్కి లాక్కోబోతే మొప్పల దగ్గర దారం బిగుసుకుంటుంది. అందుకే ఎంత చేప పడాలో వల కన్ను నిర్ణయిస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో వాణిజ్య గిల్ నెట్ వేటకు లైసెన్సు కావాలి. ఏ ప్రాంతంలో, ఏ రోజు, ఏ గంట నుంచి ఏ గంట వరకు వల వేయవచ్చో ప్రభుత్వం ప్రకటిస్తుంది. పుజెట్ సౌండ్‌లో వల పొడవు 1,800 అడుగులు మించకూడదు. కొన్ని చోట్ల సముద్రపక్షులు చిక్కుకోకుండా వల పైభాగంలో 20 కన్నుల మేర తెల్లగా కనిపించే దారం వాడాలి. సీలు వంటి సముద్ర క్షీరదం వలలో పడి గాయపడినా, చచ్చినా, వేట ముగిసిన 48 గంటల్లో ఫెడరల్ ప్రభుత్వానికి చెప్పాలి.

వీటన్నిటికీ ఆధారం ‘ఫిష్ టికెట్’ అనే కాగితం. చేపలు ఒడ్డుకు చేరి చేతులు మారేటప్పుడే దాన్ని నింపాలి. పట్టినవారెవరు, ఏ వలతో పట్టారు, ఏ ప్రాంతంలో పట్టారు, ఏ రకం చేప, ఎన్ని, ఎంత బరువు, ఏ ధర అన్నీ అందులో ఉండాలి. ఇంటికి తీసుకెళ్లే చేపలను కూడా రాయాలి. సాల్మన్ సీజన్లలో ఆ లెక్క మరుసటి రోజుకల్లా అధికారులకు చేరాలి. ఎందుకంత తొందర? సాల్మన్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగి వస్తుంది. గుంపు నదిలోకి ఎక్కే వారాలు కొన్నే. లెక్క ఆలస్యమైతే గుడ్లు పెట్టాల్సిన చేపలు కూడా మార్కెట్‌కు పోతాయి. పుజెట్ సౌండ్ చినూక్ రకం సాల్మన్ 1999 నుంచి అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో ఉంది. కాబట్టి నిబంధనలు అవసరమా అన్నది ఇక్కడ చర్చ కాదు. అవసరమే. వాటిని రాసేదెవరు, అమలు చేసేదెవరి మీద అన్నదే చర్చ.

1854, 1855 సంవత్సరాల్లో గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ అక్కడి తెగలతో వరసగా ఒప్పందాలు చేసుకున్నాడు. తెగలు లక్షల ఎకరాల భూమి వదులుకున్నాయి. తాము తరతరాలుగా చేపలు పట్టే చోట్ల, మిగతా పౌరులతో కలిసి పట్టుకునే హక్కును మాత్రం అట్టిపెట్టుకున్నాయి. ఇది ప్రభుత్వం దయతో ఇచ్చిన హక్కు కాదు. తమదైనదాన్ని వారు వదులుకోలేదు, అంతే.

ఆ తర్వాత వందేళ్లు ఆ హక్కు కాగితం మీదే ఉంది. సముద్రంలో, నదీముఖాల్లో పెద్ద పడవలు చేపలను ముందే పట్టుకునేవి. మిగిలిన చేప నదిలో పైకి ఎక్కి మూలవాసి వల దాకా వచ్చేసరికి అధికారులకు ‘సంరక్షణ’ గుర్తొచ్చేది. నదిలో గిల్ నెట్ నిషేధం అనేవారు. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను 1945లో, 14 ఏళ్ల వయసులో, చేపలు పట్టినందుకు మొదటిసారి అరెస్టు చేశారు. తర్వాత ఆయన్ను 50 సార్లకు పైగా అరెస్టు చేశారు. 1960ల్లో తెగల వాళ్లు బహిరంగంగా నదిలోకి దిగి వలలు వేశారు. లాఠీలు తిన్నారు, పడవలు పోగొట్టుకున్నారు. 1970లో ప్యుయాలప్ నది ఒడ్డున వారి శిబిరం మీద పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు.

మహాడ్ తెలిసినవారికి ఈ వరస కొత్తగా అనిపించదు. ప్రజా చెరువులు అంటరానివారికి తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం కూడా దాన్ని ఒప్పుకుంది. అయినా చవదార్ చెరువులో దోసిలి ముంచడానికి 1927లో బాబాసాహెబ్ వేలమందిని వెంటపెట్టుకుని నడవాల్సి వచ్చింది. హైకోర్టు తీర్పు 1937లో గానీ రాలేదు. కాగితం మీది హక్కును నీళ్లలోకి దిగి వాడుకున్న తర్వాతే కోర్టులు గుర్తిస్తాయి.

వాషింగ్టన్‌లో ఆ గుర్తింపు 1974 ఫిబ్రవరి 12న వచ్చింది. ‘మిగతా పౌరులతో కలిసి’ అంటే పట్టదగిన చేపల్లో సగం వరకు తెగల వాటా అని జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు చెప్పారు. అప్పటికి వారికి దక్కుతున్నది సుమారు ఐదు శాతం. తీర్పును రాష్ట్రం ధిక్కరించింది. కొన్ని పాఠశాలల వర్ణవివక్ష కేసులు తప్పిస్తే, ఒక ఫెడరల్ కోర్టు ఉత్తర్వును అడ్డుకోవడానికి ఈ శతాబ్దంలో ఇంతగా ప్రయత్నించిన సందర్భం లేదని అప్పీలు కోర్టే వ్యాఖ్యానించింది. 1979లో సుప్రీంకోర్టు బోల్ట్ తీర్పు సారాంశాన్ని నిలబెట్టింది.

సగం వాటా గురించి అందరూ చెప్పుకుంటారు. అంతకన్నా పెద్ద మార్పు మరొకటి ఉంది. సగం అంటే ఎంత? మొత్తం తెలియకుండా సగం తెలియదు. కాబట్టి ఎన్ని చేపలు వస్తాయో అంచనా వేయడంలో, ఎన్ని వదలాలో నిర్ణయించడంలో తెగలకు రాష్ట్రంతో సమాన స్థానం ఇవ్వక తప్పలేదు. అదే సమయంలో తీర్పు తెగల మీద కూడా బాధ్యత పెట్టింది. సభ్యులకు గుర్తింపు కార్డులు ఉండాలి, పట్టిన చేపల నివేదికలు ఇవ్వాలి. తెగలు ఆ బాధ్యతను భారంగా కాక అధికారంగా మలుచుకున్నాయి. సొంత జీవశాస్త్రవేత్తలను పెట్టుకున్నాయి. సొంత గస్తీ, సొంత కోర్టులు, సొంత ఫిష్ టికెట్లు వచ్చాయి. 1974లోనే ఏర్పడిన వాయవ్య తెగల మత్స్య కమిషన్‌కు బిల్లీ ఫ్రాంక్ దశాబ్దాల పాటు నాయకత్వం వహించారు. ఒకప్పుడు నేరానికి సాక్ష్యంగా వాడిన లెక్కే వాటాకు రుజువైంది.

అంతమాత్రాన చేప తిరిగి వచ్చేసిందని కాదు. డ్యాంలు, నరికేసిన అడవులు, వేడెక్కిన నీళ్లు సాల్మన్‌ను కుంగదీశాయి. తగ్గిపోయిన చేపల్లో సగం అంటే తక్కువలో సగమే. అందుకే తెగలు మళ్లీ కోర్టుకెక్కాయి. రోడ్ల కింద చేప దారికి అడ్డుపడే తూములను రాష్ట్రమే సరిచేయాలన్న తీర్పు 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలిచింది. వల వేసేవాడి టికెట్‌ను మరుసటి రోజే అడిగే ప్రభుత్వం, చేప దారి మూసేసిన తన తూముల లెక్క చెప్పడానికి దశాబ్దాలు తీసుకుంది. నిబంధన ఎప్పుడూ బలహీనుడి దగ్గరే కచ్చితంగా ఉంటుంది.

ఇక మన వైపు చూద్దాం. గోదావరిలో పులస కూడా సాల్మన్ లాగే సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది వచ్చే చేపే. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డంగా నిలిచింది. ఆ ఆనకట్ట ఎందరి వలలను ఖాళీ చేసిందో లెక్క కట్టిందెవరు? దేశంలో సముద్రపు చేపల దిగుబడిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రేవుల్లో నమూనాలు తీసి అంచనా వేస్తుంది. దేశం మొత్తానికి అది పనికొచ్చే పద్ధతే. కానీ ఒక జాలరి తాను ఎంత పట్టాడో, ఎంత ధరకు అమ్మాడో చెప్పే కాగితం చాలా రేవుల్లో అతని చేతికి రాదు. ఆ లెక్క ఉండేది అప్పు ఇచ్చిన వ్యాపారి పుస్తకంలో. తుఫాను నష్టపరిహారం దగ్గరైనా, ఓడరేవు కోసం ఊరు ఖాళీ చేయించేటప్పుడైనా ‘నీ ఆదాయానికి రుజువేది’ అనే ప్రశ్న ముందు అతను ఉత్త చేతులతో నిలబడతాడు.

మన దేశంలో వల కులంతో ముడిపడి ఉంది. బెంగాల్‌లో జలియా కైబర్త, ఝాలో మాలో కులాలు షెడ్యూల్డ్ కులాలు. ఆంధ్రప్రదేశ్‌లో జాలరి, వాడబలిజ, అగ్నికుల క్షత్రియులు వెనుకబడిన తరగతులు. ఒకే పని, ఒకే ప్రమాదం, వేర్వేరు జాబితాలు. కులాలన్నిటినీ 1931 తర్వాత దేశమంతటా ఒక్కసారైనా పూర్తిగా లెక్కించి ప్రకటించలేదు. రాబోయే జనగణనలో కులాన్ని చేరుస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో చెప్పింది. దాన్ని స్వాగతిస్తూనే కొలంబియా నది పాఠాన్ని గుర్తుంచుకోవాలి. లెక్కలో ఉండటం ఒకటి, లెక్క తీసే చోట ఉండటం మరొకటి. సొహాపీ లెక్కలో ఉన్నాడు, నిందితుడిగా.

అందువల్ల మత్స్యకారుల మీద పెట్టే ప్రతి కొత్త నమోదు, ప్రతి కొత్త యాప్ విషయంలో మనం మూడు ప్రశ్నలు అడగాలి. ఈ సమాచారం ప్రతి జాలరి చేతికి కూడా అందుతుందా? నిబంధన రాసే కమిటీలో వల వేసే కులాల మనుషులు ఓటు హక్కుతో కూర్చుంటారా? ఆనకట్ట కట్టినవారినీ, వ్యర్థాలు వదిలే ఫ్యాక్టరీనీ ఇదే గడువుతో లెక్క అడుగుతారా?

మత్స్యశాస్త్రం, గణాంకశాస్త్రం, న్యాయశాస్త్రం చదువుతున్న దళిత బహుజన విద్యార్థులకు ఇది నేరుగా సంబంధించిన పని. తెగల తరఫున నిలబడిన జీవశాస్త్రవేత్తలు, న్యాయవాదులు లేకపోతే బోల్ట్ తీర్పు కూడా కాగితం మీదే మిగిలేది. చదువు, సమీకరణ, పోరాటం అని బాబాసాహెబ్ చెప్పిన మూడింటినీ ఆ తెగలు తమ దారిలో ఆచరించాయి. నదిలోకి దిగే ధైర్యం మన జాలరులకు ఎప్పుడూ ఉంది. లెక్కల పుస్తకం దగ్గర వారి పక్కన కూర్చోవాల్సింది మనం.