నాన్నా పులి... కోడ్‌లో!

రాత్రి 12కి ఆగిపోవాల్సిన ఆఫర్ మా యాప్‌లో తెల్లారి 5.30 దాకా నడిచింది. ఎవడో హ్యాక్ చేశాడనుకున్నాం. తీరా చూస్తే తప్పు ఒక్క లైనుది. ఆ లైను రాసింది నేనే.

సర్వర్ గడియారం యూటీసీలో ఉంది. అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక. నేనేమో డేట్‌టైమ్.నౌ() అని రాసి బ్రాకెట్లు ఖాళీగా వదిలేశా. ఎక్కడి టైమ్ కావాలో చెప్పకపోతే సర్వర్ తన టైమే చెప్తుంది. పాపం, దాని తప్పేముంది?

ఇలాంటివి ముందే పట్టేవే లింటర్లు. కోడ్‌ని రన్ చేయకుండానే చదివి, 'ఇక్కడేదో తేడాగా ఉంది' అని చెప్పే టూల్స్. 1978 నాటికే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ లాంగ్వేజ్ కోసం రాసిన 'లింట్' వీటన్నిటికీ పెద్దన్న. పైథాన్ వాళ్లకి పైలింట్ ఉంది. అందులో లేని చెక్ కావాలంటే మనమే ప్లగిన్‌గా రాసుకోవచ్చు.

నేనూ రాశా. 'నౌ' అనే పేరు, పక్కన ఖాళీ బ్రాకెట్లు కనిపిస్తే వార్నింగ్. తప్పు కోడ్ ఇచ్చి టెస్ట్ చేశా, అరిచింది. పాస్!

మర్నాడు ఆఫీసులో గోల. జాంగోలో టైమ్‌జోన్.నౌ() అని ఇంకోటుంది. యూజ్_టీజెడ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అది టైమ్‌జోన్‌తో సహా టైమ్ ఇస్తుంది. అంటే అదే కరెక్ట్ పద్ధతి. నా చెక్ దాన్నీ తిట్టింది. విసుగొచ్చి మా టీమ్ వాళ్లు ఫైళ్ల పైన డిజేబుల్ కామెంట్ పెట్టి దాని నోరు మూయించారు. వారం తర్వాత చూస్తే, అలా మూయించిన ఒక ఫైల్లోనే నిజమైన తప్పు హాయిగా కూర్చుని ఉంది. 'నాన్నా పులి' కథ గుర్తుందిగా?

రెండోసారి తీరిగ్గా కూర్చున్నా. ఊళ్లో పదిమంది శ్రీనులుంటే ఇంటిపేరు అడుగుతాం కదా. పైలింట్ వాడే ఆస్ట్రాయిడ్ లైబ్రరీ పనీ అదే. 'నౌ' ఏ ఇంపోర్ట్ నుంచి వచ్చిందో ఆరా తీస్తుంది. ఇక టెస్టింగ్‌కి పైలింట్‌లో రెండు ఫంక్షన్లున్నాయి. అసర్ట్‌యాడ్స్‌మెసేజెస్ అంటే ఇక్కడ అరవాలి. అసర్ట్‌నోమెసేజెస్ అంటే ఇక్కడ ఊరుకోవాలి. మొదటిసారి నేను ఆ రెండోదాన్ని ముట్టుకోనేలేదు. ఈసారి అరవాల్సిన కేసులు 4 రాస్తే, ఊరుకోవాల్సినవి 11 రాశా. తర్వాత మా పాత కోడ్ మొత్తం మీద నడిపి, వచ్చిన ప్రతి వార్నింగూ చదివా. పైలింట్ ప్రాజెక్టులోనూ ఇదే పద్ధతి. ఎవరైనా మార్పు పంపితే, 'ప్రైమర్' అనే టెస్ట్ దాన్ని నిజమైన ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల మీద నడిపి, వార్నింగుల్లో ఏం మారిందో చూపిస్తుంది.

మా వాళ్లు డిజేబుల్ కామెంట్లు ఒక్కొక్కటే తీసేశారు. నాకదే పెద్ద సర్టిఫికెట్.

మీకూ ఓపెన్‌సోర్స్‌లో చెయ్యి పెట్టాలని ఉందా? కొత్త చెక్కే రాయక్కర్లేదు. ఉన్న చెక్ ఏదైనా ఉత్తపుణ్యానికి అరిచిందనుకోండి, ఆ నాలుగు లైన్ల కోడ్‌నే టెస్ట్‌గా రాసి పంపండి. అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.