వంతెన కట్టుండ్రి, ముందుగాల ఒడ్డు చూడుండ్రి

వాగు మీద వంతెన వద్దనే మనిషి ఏ ఊర్లనూ ఉండడు. లోలెవల్ కల్వర్టు మీంచి నీళ్ళు పారుతుంటే నిండుచూలాలిని మంచం మీద మోసుకొచ్చి ఒడ్డున నిలబడ్డ ఊర్లు మనకు తెల్వనివి కావు. పాతది కూలగొట్టి ఎత్తుగా కొత్తది కట్టాల్సిందే. మేము అడిగేది ఒక్కటే. జేసీబీ దిగకముందు పురావస్తు శాఖ మనిషిని ఆ రెండొడ్ల మీద నడిపించుండ్రి.

ఎందుకంటారా? వంతెన ఎక్కడ పడితే అక్కడ పడదు. వాగు ఇరుకైన చోట, ఒడ్డు గట్టిగున్న చోట, పాత బండ్లబాట దాటిన చోట పడుతది. ఇంజనీరుకు నచ్చిన జాగనే రెండువేల ఏండ్ల కింద మనుషులకూ నచ్చింది. ధూళికట్ట బౌద్ధస్థూపం హుస్సేనిమియా వాగు ఒడ్డున ఉన్నది. పెద్దవాగు గోదావరిల కలిసేకాడ కోటిలింగాల ఉన్నది. శాతవాహనుల తొలిరాజు శ్రీముఖుని నాణేలు దొరికింది అక్కడనే. తవ్వకాలకు దారి చూపింది కూడా గడ్డ మీద ఏరిన నాణేలే. ఆ గడ్డ మట్టిని ఏ కాంట్రాక్టరో ముందే ఎత్తుకపోయి ఉంటే?

అసలు నష్టం ఇక్కడనే. పిల్లర్ల గుంతల కన్నా మట్టి తెచ్చే గుంతలే ప్రమాదం. ఎత్తు వంతెనకు రెండు దిక్కులా అప్రోచ్ రోడ్డు కట్ట పొయ్యాలె. దగ్గర్ల మెత్తగ, ఊరికే దొరికే దిబ్బ ఏది? పాటిగడ్డ. బూడిద, ఎముకలు, పెంకులు కలిసిన ఆ పాటిమన్నును రైతులు ఎన్నడినుంచో చేన్లకు తోలుకున్నరు. ఎడ్లబండ్లతో తోలితే గడ్డ తరాలు నిలిచింది. టిప్పర్లతో తోలితే వారం రోజులు.

చట్టం లేదా అంటే ఉన్నది. 1958 నాటి కేంద్ర చట్టాన్ని 2010ల సవరించి, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ అన్నరు. మంచిదే. కానీ ఆ కంచె జాబితాకెక్కిన దానికే! పేరులేని పాటిగడ్డకు ఏముంది? 1878 నాటి నిధుల చట్టం ఉన్నది. భూమిల పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు చెప్పాలె. దొరికినంక చెప్పుమంటది గాని, తవ్వకముందు చూడుమనదు. కుండ బయటపడ్డదంటే పని ఆగుతది, పోలీసులొస్తరు, గుప్తనిధి పుకారు లేస్తది. అందుకే డ్రైవరు బకెట్టు తిప్పి పూడ్చి ముందుకు పోతడు. ఆయనను తిట్టి ఏం లాభం?

అమెరికాల 1966 చట్టం 106వ సెక్షన్ ప్రకారం, కేంద్ర సర్కారు సొమ్ముతో కట్టేది పల్లె వంతెనైనా చారిత్రక ఆనవాళ్ళకు ఏమైతదో ముందే చూసుకోవాలె. పారతో చిన్న చిన్న గుంతలు తీసి, మట్టిని జల్లెడ పట్టి చూస్తరు. అంత దూరం ఎందుకు? సాగర్ ముంపు ముందర 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్విండ్రు. ఇవతలి ఒడ్డున నల్లగొండ జిల్లా ఏలేశ్వరంలనూ తవ్వకాలు జరిగినయి. (కొండ పేరు తెలిసినంతగ ఏలేశ్వరం పేరు మన పిల్లలకు తెల్వకపాయె. అది వేరే ముచ్చట.) డ్యాం పని నడుస్తుండంగనే అంత తవ్వినోళ్ళం, వంతెనకు నాలుగు రోజులు ఇయ్యలేమా?

ఎట్లాగూ పునాదికి ముందు మట్టి పరీక్షకు బోర్లు వేస్తరు. రాయి ఎంత లోతుల ఉన్నదో చూడకుండ ఏ ఇంజనీరూ పిల్లరు లేపడు. ఆ బోర్ల మట్టిని పురావస్తు శాఖకూ చూపెట్టుండ్రి. దున్నిన చెలకల తొలివాన పడ్డంక నడిస్తే నలుపు ఎరుపు పెంకులు, ఇనుప చిట్టెం ఉట్టి కంటికే కనపడుతయి. పాటిగడ్డ ఏది, పాత రేవు ఏది అని ముసలోళ్ళను అడిగితే సగం సర్వే అక్కడనే అయితది. ఏమన్నా తేలితే చాలాసార్లు జరగాల్సింది మట్టి గుంతనే, వంతెన కాదు.

2017ల వారసత్వ చట్టం తెచ్చుకున్నం. 2025ల ముడుమాల నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కితే సంబురపడ్డం. అవి కూడా ఎన్నో ఏండ్లు చేన్లల్ల రాళ్ళే. వంతెన అంచనాలల్లనే ఈ సర్వే ఖర్చును ఒక పద్దుగ రాయాలె. టెండరు పిలవకముందే, మట్టి తెచ్చే జాగతో సహా సర్వే కావాలె. సర్పంచులారా, గ్రామసభల వంతెన తీర్మానం రాసేకాడ ఈ రెండు ముక్కలు కూడా రాసి పంపుండ్రి.