ముక్కు సరే... ఆ ఒక్క చెవి ఎందుకు మూసుకుపోయింది?

చలిగాలి తిరిగితే చాలు, ఇంట్లో ఒకరికైనా ముక్కు దిబ్బడ తప్పదు. ‘నాకు సైనస్ ఉందండీ’ అనడం బీపీ ఉంది, షుగర్ ఉంది అన్నంత మామూలైపోయింది. నిజానికి సైనస్‌లు అందరికీ ఉంటాయి. బుగ్గల ఎముకల్లో, కనుబొమల పైన, రెండు కళ్ల నడుమ, ఇంకాస్త లోపల... ఉండే గాలి గదులే అవి. వాటి లోపలి పొర వాచి, దారులు మూసుకుపోతే వచ్చే జబ్బు సైనసైటిస్. దాన్ని భరించేవాళ్లకి దాని తీరు బాగా తెలుసు. ముఖం బరువెక్కుతుంది. చెప్పులు వేసుకోవడానికి వంగితే నుదురు పగిలిపోతుందేమో అనిపిస్తుంది. పై పళ్లు లాగుతాయి. చిక్కటి పసుపుపచ్చ చీమిడి కారుతుంది. కాఫీ వాసన కూడా తెలియదు. జలుబు వెంట వచ్చిన సైనసైటిస్ చాలావరకు వైరస్ వల్లే. వారం పది రోజుల్లో దానంతట అదే దారికొస్తుంది. 12 వారాలు దాటినా తగ్గకపోతే దీర్ఘకాలిక సమస్య కింద లెక్క.

ఇంతవరకూ భయపడాల్సిందేమీ లేదు. చిక్కంతా ముక్కు వెనక ఉన్న మరో చోటుతోనే.

ముక్కు రెండు దారులూ వెనక్కి వెళ్లి ఒకటయ్యే చోటు, అంగిలికి సరిగ్గా పైన, ఓ చిన్న గదిలా ఉంటుంది. డాక్టర్లు దాన్ని నాసోఫారింక్స్ అంటారు. అద్దం ముందు నోరు ఎంత తెరిచినా అది కనిపించదు, టార్చిలైటుకి అందదు. అక్కడ అరుదుగా క్యాన్సర్ మొలుస్తుంది. అది ఎక్కువగా మొదలయ్యేది పక్క గోడలోని ఓ గుంటలో. చెవి నుంచి వచ్చే సన్నటి గొట్టం తెరుచుకునేది ఆ గుంటకి ఆనుకునే. అందుకే ముక్కు వెనక పుట్టిన జబ్బు చాలాసార్లు ముందుగా చెవిలో తెలుస్తుంది.

తిరుమల ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటే చెవులు గుమ్మని మూసుకుపోతాయి కదా! అచ్చం అలాగే ఉంటుంది. కాకపోతే ఒక్క చెవే. గుటక వేసినా, ఆవలించినా విడదు. మాటలు దూరం నుంచి వినిపిస్తున్నట్టుంటాయి, లోపల హోరు. గొట్టం మూసుకుపోవడంతో కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. పిల్లల్లో ఇది మామూలే, ఎడినాయిడ్స్ వాచినా ఇలాగే అవుతుంది. పెద్దవాళ్లలో మాత్రం జలుబైనా చేయకుండా ఒక్క చెవిలోనే నీరు చేరి వారాల తరబడి ఉండిపోతే, ఏ ఈఎన్‌టీ డాక్టరైనా ముక్కు వెనక భాగం చూడకుండా వదలకూడదు. చెవిలో చుక్కలు రాసిచ్చి పంపేస్తే మాత్రం, చుక్కలు అయిపోయాక ఇంకోసారి వెళ్లి అడగాల్సిందే.

రెండోది మెడ మీద గడ్డ. ఎక్కువమంది ఈ జబ్బుని మొట్టమొదట గుర్తించేది దీంతోనే. చెవి కింద, దవడ మూల వెనక, మెడ పైభాగాన ఓ గట్టి ముద్ద. నొప్పి ఉండదు. గడ్డం గీసుకుంటూనో, మెడకి సబ్బు రాసుకుంటూనో చేతికి తగులుతుంది. ‘నొప్పి లేదు కాబట్టి పర్లేదు’ అని ఊరుకుంటారు. నొప్పి లేకపోవడమే ఇక్కడ పట్టించుకోవాల్సిన సంగతి. మన దగ్గర మరో ఇబ్బందీ ఉంది. మెడ గడ్డలు చాలావరకు టీబీవే కావడంతో, పరీక్ష లేకుండానే టీబీ మందులు మొదలుపెట్టడం కద్దు. నెలలు గడుస్తాయి, గడ్డ తగ్గదు. సూదితో కాసిన్ని కణాలు తీసి చూసే ఎఫ్ఎన్ఏసీ పరీక్ష పెద్ద ఖర్చూ కాదు, పెద్ద బాధా కాదు. మందులకన్నా ముందే అది జరిగిపోవాలి.

ఇక రక్తం. ఎండాకాలం ముక్కు ఎండి చుక్కలు రాలడం, బీపీ పెరిగిన పెద్దవాళ్లకి ముక్కు నుంచి రక్తం కారడం వేరు. పొద్దున్నే గొంతులోకి లాగి ఉమ్మిన కఫంలో సన్నటి ఎర్రటి చారలు రోజూ కనబడడం వేరు. ముక్కు మూసుకుపోవడం కూడా అంతే. సైనసైటిస్‌లో ఇవాళ ఒక పక్క, రేపు ఇంకో పక్క మూసుకుపోవచ్చు, వచ్చి పోతుంటుంది. ఒకే పక్క, నెలల తరబడి, మందులకి లొంగకుండా, రానురాను ఎక్కువవుతుంటే అది ఆలోచించాల్సిన దిబ్బడ. అయితే ఒక పక్కే అనగానే క్యాన్సర్ అని హడలిపోనక్కర్లేదు. దూలం వంకరగా ఉన్నా, పై పంటి వేరు చీము పట్టినా ఒక పక్కే ఇబ్బంది ఉంటుంది. చిన్నపిల్లాడికి ఒక ముక్కు నుంచే కంపు కొడుతూ చీమిడి కారుతుంటే లోపల శనగగింజో పూసో దొరకడం ఈఎన్‌టీ డాక్టర్లకి నిత్యకృత్యం. మీసాలు మొలిచే వయసు అబ్బాయిల్లో ముక్కు మూసుకుపోయి పదేపదే రక్తం ధారగా వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. అది క్యాన్సర్ కాకపోయినా, విపరీతంగా రక్తం పోయే మరో రకం కణితి కావచ్చు.

ఒకటి రెండుగా కనిపించడం, బుగ్గ మొద్దుబారడం, నోరు సరిగ్గా తెరవలేకపోవడం... ఇవి జబ్బు ముదిరి నరాల్నీ కండరాల్నీ తాకాక వచ్చేవి. అక్కడిదాకా రానివ్వకూడదు.

ఈ క్యాన్సర్ ఎక్కడపడితే అక్కడ ఒకేలా రాదు. దక్షిణ చైనాలో, హాంకాంగ్‌లో, ఆగ్నేయాసియాలో ఎక్కువ. మన దేశంలో చాలాచోట్ల ఏడాదికి లక్షమందిలో ఒక్కరికి కూడా కనిపించదు. నాగాలాండ్ మగవాళ్లలో మాత్రం పదిని మించుతుంది. 1964లో బయటపడిన ఎప్‌స్టీన్ బార్ వైరస్‌కి దీంతో గట్టి సంబంధముంది. ఆ వైరస్ ప్రపంచంలో చాలామంది ఒంట్లో ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. దానికి వంశపారంపర్యం, చైనాలో చిన్నప్పటి నుంచీ తినే ఒక రకం ఉప్పుచేప, ఈశాన్యంలో పొగబెట్టిన మాంసం వంటివి తోడవుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి. హాంకాంగ్‌లో ఇరవై వేలమందికి పైగా మగవాళ్లకి రక్తంలో ఈ వైరస్ ఆనవాళ్లు వెతికి, క్యాన్సర్‌ని తొలిదశల్లోనే పట్టుకోవచ్చని 2017లో చూపించారు. ఇక్కడ మనకి జబ్బే అరుదు కాబట్టి అందరికీ అలాంటి పరీక్షలు అక్కర్లేదు. అరుదు కావడం వల్లే ఇక్కడ ఎవరికీ చటుక్కున స్ఫురించదు కూడా. ఎక్కువగా నలభై, అరవై ఏళ్ల మధ్య వస్తుంది గానీ, మన దేశంలో కౌమారంలో ఉన్న పిల్లల్లోనూ కనిపిస్తుంటుంది.

మరి తేల్చుకునేదెలా? సైనస్ ఎక్స్‌రేలో ఈ చోటు సరిగ్గా తెలియదు. ముక్కులో మత్తుమందు చల్లి, సన్నటి ఎండోస్కోప్ గొట్టం లోపలికి పంపి చూస్తారు. కాసేపటి పని. తుమ్ము వచ్చినట్టుంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అంతే. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు, తర్వాత ఎంఆర్ఐ. క్యాన్సరే అని తేలినా, ఈ రకం రేడియేషన్‌కి బాగా లొంగుతుంది. మొదటి దశలో దొరికితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. ముదిరితే కీమోథెరపీ కూడా కలపాలి. నోరు ఎండిపోవడం వంటి ఇబ్బందులు ఉంటాయి కాబట్టి రేడియేషన్‌కి ముందే పళ్ల డాక్టర్‌ని కలవమంటారు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘సైనస్ ఉందండీ’ అని మనమే జబ్బు పేరు చెప్పేయకుండా, ఏ పక్క, ఎన్ని వారాలుగా, చెవి సంగతేంటి, కఫంలో ఎరుపు ఉందా, మెడ మీద ఏమైనా తగులుతోందా... ఇవి చెప్పాలి. మందుల షాపులో కొనుక్కుని నెలల తరబడి వేసుకుంటున్న ముక్కు చుక్కల సీసా కూడా పట్టుకెళ్లాలి. ముక్కు తెరిపించే ఆ చుక్కలు వరసగా అయిదు రోజులు మించి వాడితే అవే దిబ్బడని తెచ్చిపెడతాయి. ఎండోస్కోపీ చేశాక చాలామందికి ముక్కు వెనకంతా శుభ్రంగానే ఉంటుంది. అప్పుడు డాక్టర్ ఆ సీసా చెత్తబుట్టలో వేయించి, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమని పంపేస్తారు.