గుండెను చూపే ప్రతిధ్వని



సంతలో కుండ కొనేటప్పుడు పెద్దవాళ్లు దాన్ని వేలితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, బొద్దుమంటే ఎక్కడో బీట ఉన్నదన్నమాట. కంటికి కనబడని లోపాన్ని చెవి పట్టేసింది, చూశారా! ఇటువంటి ఉపాయమే గుండెజబ్బుల వైద్యాన్ని మార్చేసింది. ఎట్లాగో చెబుతాను.

మన గుండెలో నాలుగు గదులూ, కవాటాలనే తలుపులూ ఉన్నవి. నెత్తురు ముందుకు పోవడానికి తలుపులు తెరుచుకుంటవి. వెనక్కి రాకుండా మూసుకుంటవి. జబ్బు చేస్తే ఒక తలుపు సరిగా తెరుచుకోకపోవచ్చు, లేదా సరిగా మూసుకోకపోవచ్చు. బిగుసుకుపోయిన తలుపును శస్త్రచికిత్సతో వెడల్పు చేయడం 1950 నాటికి వైద్యులు నేర్చారు. కాని మూసుకోని తలుపును వెడల్పు చేస్తే రోగికి ముప్పే! రొమ్ము కోయకముందే ఏది ఏదో తెలిసేదెట్లా?

స్వీడన్ దేశంలోని లుండ్ పట్టణంలో ఇంగె ఎడ్లెర్ అనే వైద్యుణ్ణి ఈ ప్రశ్నే వేధించింది. కార్ల్ హెల్మూట్ హెర్ట్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆయనకు తోడయ్యాడు. ఆ రోజుల్లో ఓడల కార్ఖానాల్లో లోహంలోని పగుళ్లను వెతికే యంత్రం ఒకటుండేది. అది మన చెవికి వినబడని ధ్వనిని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. నూతిలోకి కేక వేస్తే మళ్లీ వినబడదూ, అట్లాగే! ప్రతిధ్వని రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం తెలుస్తుంది. వారిద్దరూ అటువంటి యంత్రాన్ని అరువు తెచ్చి, 1953 అక్టోబరు 29న గుండె కదలికలను గీతలుగా పట్టారు.

వాటిలో ఒక గీత గుండె గది గోడదని మొదట అనుకున్నారు. తరవాతి పరీక్షల్లో అది తలుపురెక్కదని తేలింది! రెక్క చురుగ్గా కదిలితే గీత నిటారుగా దిగుతుంది; బిగుసుకుపోతే మెల్లగా వాలుతుంది. ఆ వాలును చూసి, ఎవరికి శస్త్రచికిత్స మేలు చేస్తుందో ముందే తెలుసుకోగలిగారు.

ఆ గీతలే నేడు తెరమీద కదిలే బొమ్మలైనవి. ఈ పరీక్షను ‘ఎకో’ అంటారు. కోత లేదు, ఎక్స్‌రే లేదు. నెత్తురు ఎటు పోతున్నదీ, ఎంత వేగంగా పోతున్నదీ తెలుస్తుంది. తల్లికడుపులోని బిడ్డ గుండెను సైతం చూడవచ్చు.

ఇక మీతో ఒక మాట. ఒకరకం సూక్ష్మజీవులవల్ల వచ్చే గొంతునొప్పిని అశ్రద్ధ చేస్తే, కొందరు పిల్లలకు కీళ్లవాతజ్వరం వచ్చి ఈ తలుపులు పాడవుతవి. మన దేశంలో ఈ జబ్బు ఇంకా ఉన్నది. స్టెతస్కోపుకు అందని కొద్దిపాటి చెడును కూడా ఎకో కనిపెట్టగలదు. అయితే, చెడిన తరవాత కనిపెట్టడంకంటె చెడకుండా చూసుకోవడం మేలు కాదూ? జ్వరంతో గొంతు నొప్పి పుడితే, సూదిమందు వేస్తారని దాచకండి. ఇంట్లో వెంటనే చెప్పండి.