రట్టా కొట్టిన క్లోజరు ఎవరిక్కావాలి?

మా భాంజా హైదరాబాదులో ఆర్నెల్లు వెబ్ కోర్సు చేసి పెద్దదోర్నాల వచ్చాడు. ఆ ఫీజు కోసం వాళ్ళ అమ్మీ జుంకీలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. "క్లోజరంటే ఏందిరా?" అనడిగా. "ఫంక్షన్ లోపల ఫంక్షన్, మామూ" అన్నాడు టక్కున. ఇంటర్వ్యూ సవాల్-జవాబుల కాగితంలో అట్లాగే ఉందంట. ఒకటి రాయమంటే తెల్లమొహం వేశాడు.

ఇదేం తాలీమ్? కసూర్ పిల్లోడిది కాదు.

బట్టల దుకాణం కోసం వాడు చేసిన పేజీ చూశా. ఐదు శాతం తగ్గింపుకో ఫంక్షను, పదికొకటి, ఇరవైకొకటి. తేడా అంకెలోనే. పైసల్ని రూపాయికి సర్దే లైను రెండింట్లో పెట్టి మూడోదాంట్లో మరిచాడు. బిల్లు తప్పితే ఎవరు జిమ్మేదార్?

మా అబ్బా దర్జీ. గిరాకీ ఒక్కసారి కొలతలిచ్చి పోతాడు. తర్వాత మార్కాపురం నుంచి బట్ట పంపినా చాలు, కుర్తా తయార్. కొలతలు అబ్బా పుస్తకంలో అమానత్. క్లోజరు మతలబ్ ఇదే! బయటి ఫంక్షను కొలత తీసుకుని, లోపలి ఫంక్షన్ని రిటర్న్ చేసి తన పని ముగించుకుంటుంది. లోపలిది మాత్రం ఆ కొలతను మరవదు.

భాంజా చేత అట్లాగే రాయించా. బయటిదానికి శాతం ఇస్తే, ధర తీసుకుని తగ్గింపు వేసే హెల్పరు చేతికొస్తుంది. ఐదిస్తే ఒకటి, ఇరవై ఇస్తే ఇంకోటి. రూపాయికి సర్దే లైను ఒక్కచోటే.

తర్వాత మూడూ లూపులో చేద్దామని శాతాన్ని 'వార్'తో పెట్టాడు. మూడు హెల్పర్లూ ఇరవై శాతమే తగ్గించాయి! క్లోజరు దాచేది అంకె నకలును కాదు, ఆ వేరియబుల్నే. ముగ్గురు గిరాకీల కొలతలు ఒకే పేజీలో చెరిపి చెరిపి రాస్తే చివరిదే మిగలదా? 'లెట్' పెడితే ఎవరి పేజీ వాళ్ళకి. 2015 నుంచీ జావాస్క్రిప్టులో ఉన్న సంగతి ఇది. ఆర్నెల్లలో ఒక్క సారూ చెప్పలేదంట.

"లైబ్రరీలున్నాయి కదా భాయ్, ఇదెందుకు?" అంటారు కొందరు ఉస్తాదులు. రియాక్ట్‌లో బటనుకు తగిలించే ఫంక్షను కూడా క్లోజరే, జనాబ్! పీటర్ లాండిన్ 1964లోనే ఈ పేరు పెట్టాడు. అరవై ఏళ్ళు దాటినా మన పిల్లలకు దొరికింది ఒక్క లైను జవాబేనా?

అమ్మీలూ, అబ్బాలూ, ఫీజు కట్టే ముందు ఆ సారును మీ ముందే ఒక హెల్పరు రాసి చూపించమనండి. కాగితం చేతికిస్తే, జుంకీలు తీసుకుని ఇంటికొచ్చేయండి.