బర్రెకు తొట్టెడు నీళ్లు, బాలింతకు గుక్కెడేనా?

పంటల పేజీల బాలింత ముచ్చటేందని అనుకోకుండ్రి. మనందరి ఇండ్లల్ల జరిగేదే రాస్తున్న.

బర్రె ఈనితే మనం ఏం చేస్తం? బెల్లం, గటక పెడ్తం. తవుడు కలిపి కుడితి పెడ్తం. పచ్చిగడ్డి కోసుకొస్తం. తొట్టి నిండ నీళ్లుంచుతం. పాలియ్యాలంటే తినాలె, తాగాలె అని మనకు ఎవరూ చెప్పే పనిలేదు.

అదే మన బిడ్డ కాన్పై ఇంటికొస్తే? అన్నంల కారంపొడి, వెల్లుల్లి కారం. పప్పు వద్దు, కుట్లకు చీము పడుతదట. ఆకుకూర వద్దు, పిల్లకు విరేచనాలట. పండ్లు, పెరుగు వద్దు, జలుబట. దాహమంటే గుక్కెడు వేన్నీళ్లు, ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతదట. వీటిల ఒక్కటి కూడా నిజం కాదు.

హయత్‌నగర్ చుట్టుపక్కల పాలకూర, తోటకూర పండించి సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లకు తీసుకపోతం. పండ్ల మార్కెట్ పక్కనే బాటసింగారంల ఉంది. పట్నమంతటికీ పెట్టి, మన బాలింతకు పెట్టకపోవుడు ఏం న్యాయం?

2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణల గర్భిణుల్లో వందకు 53 మందికి రక్తహీనత ఉంది. కాన్పుల్లో వందకు 60కి పైగా ఆపరేషన్లే. అంటే, అసలే రక్తం తక్కువున్న పిల్ల ఇంకింత రక్తం పోగొట్టుకొని, కుట్లతోని ఇంటికొస్తుంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీల తిండి అదనంగా కావాలె. మనమేమో ఉన్నదే తగ్గిస్తున్నం. నీళ్లు తక్కువైతే మలబద్ధకం, మూత్రంల మంట. ముక్కితే కుట్లు నొప్పి.

పెద్దోళ్లు చెప్పిందంతా తప్పని అంటలేను. విశ్రాంతి, నూనె మర్దన, వేన్నీళ్ల స్నానం మంచివే, ఉంచుకుందాం. కడుపు మాడ్చే పథ్యం ఒక్కటి విడిచిపెడ్దాం. కొన్ని ఇండ్లల్లనైతే తిండికి పథ్యం నెలల తరబడి, విశ్రాంతి మాత్రం పది రోజులే!

2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నరు. బిడ్డకు ఆరు నెలలు నిండేదాక తల్లికి ఆ హక్కుంది. ఐరన్ గోలీలు కూడా కాన్పు తర్వాత ఆరు నెలలు వేసుకోవాలె. ఇంటికి రాంగనే ఆపొద్దు.

కాన్పైన ఆరు వారాల్ల రక్తం ఎక్కువ పోయినా, జ్వరమొచ్చినా, తల పగిలేటట్టు నొస్తున్నా, ఫిట్స్, ఆయాసం వచ్చినా, ఒక కాలు వాచినా తెల్లారేదాక ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు తగ్గకుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టకుండ్రి, డాక్టరుకు చూపించుండ్రి.

ఇది ఆడోళ్ల సంగతని మగోళ్లు పక్కకు జరగొద్దు. మీ ఇంట్ల బాలింత ఉంటే ఇయ్యాలనే పాలకూర పప్పు వండించి, చెంబు నిండ నీళ్లు ఆమె పక్కన పెట్టుండ్రి. అమ్మకు, అత్తకు ఇది చదివి వినిపించుండ్రి.